చనిపోయిన దొర కొడుకు

మా ఊరి దొరతనం ఎవరిదో తేల్చడానికి ప్రిటోరియా నుంచి విచారణ సంఘం వచ్చి స్కూలు హాల్లో కూర్చుంది.

ఒకవైపు మరెదీ. నల్లవాళ్లు ఎక్కడికెళ్లినా చూపించాల్సిన పాసు పుస్తకాలు ఆడవాళ్లు కూడా పట్టుకు తిరగాలని తెల్ల ప్రభుత్వం అన్నప్పుడు అప్పటి దొర సెరొగోలె ఒప్పుకోలేదు. ఆయన్ని దేశం ఆ చివరికి వెళ్లగొట్టారు. అక్కడే పోయాడు, పిల్లల్లేకుండా. ప్రభుత్వం ఆయన తమ్ముణ్ణి గద్దె మీద కూర్చోబెట్టింది. మరెదీ ఆ తమ్ముడి కొడుకు.

ఇంకోవైపు ఇరవై దాటిన ఫెటెది. సెరొగోలె పోయిన పాతికేళ్లకు ఊరంతా పశువులు పోగుచేసి కన్యాశుల్కంగా ఇచ్చి, ఆయన పేరు మీద లెఖొలానెను పెళ్లి చేసి తెచ్చారు. ఆమె వచ్చిన రోజు ప్రతి ఇంట్లో పొయ్యి ఆర్పేసి, ఆమె గుమ్మంలో రాజేసిన నిప్పు తెచ్చుకున్నారు. అలా వచ్చిన ఇల్లాలి కొడుకే దొర. ఆమె గదికి వెళ్లే మగవాణ్ణి పెద్దలు బంధువుల్లోంచి ఎంచుతారు. అతని పేరు ఎవరూ పలకరు. బిడ్డ చనిపోయినాయనకే కొడుకు.

ఆ మగవాడు మా నాన్న లెసిబ. ఇంట్లో ఎవరూ నాకు చెప్పలేదు. ఊళ్లో తెలియనివాళ్లు లేరు.

భోజనాల వేళ ఫెటెది సంకటి పళ్లెం పట్టుకుని ముంగిలి దాటుతున్నాడు. మా మేనత్త మొఖాది నన్ను మోచేత్తో పొడిచింది.

"చూడవే ఆ నడక. అచ్చం మీ నాన్న బీరు తాగి ఇంటికొస్తున్నట్టే."

"మెల్లగా అత్తా."

"ఎవరు వింటారే? అందరి నోళ్లలో సంకటే."

మరెదీ పెళ్లాం వింది.

మధ్యాహ్నం మరెదీ లాయరు మా నాన్నను పిలిపించాడు.

"పెద్దాయనా, సెరొగోలె దొర పోయేనాటికి లెఖొలానె పుట్టిందా?"

"పుట్టలేదు."

"మరి ఆయనకి ఈమె కొడుకునెలా కన్నది?"

"పశువులిచ్చాం కదయ్యా."

హాలంతా నవ్వింది. అధికార పార్టీ కార్యదర్శి కూడా నవ్వాడు. కుర్రతనంలో 'దొరలొద్దు' అంటూ మరెదీ వాళ్ల ఇల్లు తగలబెట్టినవాడు, ఇప్పుడు ఫెటెది వెనకే కుర్చీ వేసుకున్నాడు.

లాయరు నవ్వలేదు. "ఇప్పుడు రక్తపరీక్షలున్నాయి. ఆలోచించి చెప్పండి. ఆ అబ్బాయి మీ కొడుకేనా?"

అవునంటే గద్దె మరెదీకి పోతుంది. కానీ మా అమ్మ కన్న మగపిల్లలు ఎవరూ బతకలేదు. పశువుల దొడ్డి ఎవరికి వదలాలా అని నాన్న ఎన్నో ఏళ్లుగా బెంగపడుతున్నాడు. ఫెటెది తలెత్తి ఆయన వైపు చూశాడు. ఆ జవాబు అతనికీ కావాలనిపించింది నాకు.

నాన్న టోపీ తీసి మోకాలి మీద పెట్టుకున్నాడు.

"నాకున్నది ఒక్క కూతురు. అదిగో, కిటికీ దగ్గర. రక్తం కావాలంటే ఆ పశువుల సంతతిది తీసుకోండి. ఆ తల్లిని తెచ్చింది అవే."

సంఘం పెద్దావిడ లాయరును కూర్చోమంది. రక్తపరీక్ష తాము అడగలేదంది.

వానలు మొదలయ్యాక తీర్పు వచ్చింది. ఫెటెదికి దొరగా చిరుతపులి తోలు కప్పిన రోజు బంధువులతో పాటు నాన్న కూడా మోకరిల్లి చప్పట్లు కొట్టాడు. ఫెటెది మాత్రం దొరలు చూడాల్సినట్టే ఆయన తల మీదుగా దూరంగా చూశాడు.

ఇంటికొచ్చే దారిలో నాన్న రెండుసార్లు ఆగాడు.

"మోకాళ్లేనా?" అంది అత్త.

"మోకాళ్లే."

ఇంటికొచ్చాక దొడ్డి తడికె తీసి నన్ను పిలిచాడు. మా ఊళ్లో ఆడపిల్లలు లోపలికి వెళ్లరు. నేను బయటే నిలబడ్డాను.

"రా. ఏ ఆవు ఎవరి బిడ్డో నేర్చుకో. ఒక్క కూతురే అన్నాను కదా."