ఎత్తని బానెట్

బానెట్ నిండా కాఫీ గ్లాసులున్నాయి, పెళ్ళివారికి పెట్టినట్టు వరసలు వరసలుగా, అన్నిట్లోంచీ ఆవిరి వస్తోంది, నేను ఒకటి తీసి పక్కన పెడితే రవణమ్మ చెల్లెమ్మ కొంగుకి చెయ్యి తుడుచుకుంటూ మరో రెండు తెచ్చి పెడుతోంది, "తాగన్నయ్యా, సల్లారిపోతాది" అంటోంది, నేను తాగుతున్నాను, తాగినకొద్దీ గ్లాసులు పెరుగుతున్నాయి, బానెట్ ఎత్తడం మాత్రం కుదరడం లేదు. ఇది మా పాత బస్సు డిపో గ్యారేజీ అని నాకు తెలుసు, ముప్పైరెండేళ్ళు మెకానిక్కుగా చేసిన చోటు తెలియకపోతే ఎలా, కాని గోడ ఉండవలసిన చోట చెల్లెమ్మ వాళ్ళ వాకిలి ఉంది, ఆ వాకిలి దాటగానే ఘాట్ రోడ్డు మొదలవుతోంది, ఇదేమిటిలా ఉందని నాకు అనిపించడం లేదు.

స్టీరింగ్ ముందు జగ్గునాయుడు కూర్చుని ఉన్నాడు, చెల్లెమ్మ పెనిమిటి, నా చిన్ననాటి స్నేహితుడు. వాడు పోయి పది నెలలైంది. పిండిమిల్లులో బెల్టు మారుస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు, పాడె మోసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు, ఇద్దరం ఎత్తడం లేదు.

"ఏట్రా పోలీ, కాఫీకొచ్చావా, బండి సూడ్డానికొచ్చావా?" అంటాడు అద్దం దించి.

"మొన్ననే చూశాను కదరా."

"ఏటి సూసావో సెప్పు."

నాకు కోపం వస్తుంది. బండి చూడడం గురించి నన్ను అడుగుతాడా! మా చుట్టుపక్కల ఎవడు పాత బండి కొన్నా ముందు పోలినాయుడు చూశాడా అని అడుగుతారు, పెయింటు చూసి కొన్నవాడికి పెయింటే మిగులుతుందని అందరికీ చెప్పేది నేనే. వెళ్ళగానే ఇంజను మీద చెయ్యి వేస్తాను, వెచ్చగా ఉందంటే మనం రాకముందే అమ్మేవాడు స్టార్టు చేసి ఉంచాడన్నమాట, పొద్దున్నే మొరాయించే ఇంజను గుట్టు అలాగే దాస్తారు. టైరు ఒకవైపే అరిగిందేమోనని అరచేత్తో తడుముతాను, సీటు బెల్టు చివరిదాకా లాగి బురద మరక ఉందా అని వెతుకుతాను, ఎందుకంటే వరదలో మునిగిన బండిని ఎంత కడిగినా ఆ బెల్టు చివర కడగాలని ఎవడికీ తట్టదు. ఆఖరికి కిందకి దూరతాను. పెళ్ళిచూపుల్లో కూడా ఇంత సోదా ఉండదని అమ్మేవాళ్ళు తిట్టుకుంటారు, తిట్టుకోనీ.

"అదంతా ఊరోళ్ళ బండ్లకి," అంటాడు జగ్గు. "నా బండికేటి సేసావు?"

చెప్పుకుంటే సిగ్గు. మొన్న ఈ బండి అమ్మకానికి పెట్టారని చూడ్డానికి వాళ్ళ వాకిట్లోకి వెళ్ళేసరికి చెల్లెమ్మ కాఫీ పట్టుకొచ్చింది, బండి తలుపు తీస్తే సీటు మీద వాడి తువ్వాలు మడత కూడా విప్పకుండా అలాగే ఉంది, ఆ తువ్వాలు చూశాక, చెల్లెమ్మ ఎదురుగా నిలబడి ఉండగా, చచ్చిపోయినవాడి బండికి వంకలు వెతకడానికి నాకు చెయ్యి రాలేదు. మొహమాటం! బానెట్‌ని పైనుంచి తట్టి, చెల్లెమ్మని వెనక సీట్లో కూర్చోబెట్టుకుని రైల్వే గేటు దాకా నడిపి తీసుకొచ్చి, "బంగారంలాంటి బండమ్మా, మేమే తీసుకుంటాం" అనేశాను. బ్రేకు వేసినప్పుడల్లా బండి ఎడమకి లాగింది. నా చేతులకి తెలుస్తూనే ఉంది, అయినా పైకి అనలేదు.

"ఎవరి కోసం కొంటన్నావు?" అని తెలియనట్టు అడుగుతాడు.

"హైమ కోసం."

ఆ పేరు అనగానే గ్యారేజీ లేదు, నేను జగ్గు పక్క సీట్లో ఉన్నాను, బండి ఘాట్ దిగుతోంది. మా అమ్మాయి హైమ పశువుల డాక్టరు, పాడేరు పైన కొత్తగా పోస్టింగు వచ్చింది, సోమవారం నుంచి రోజూ ఒక్కతే ఈ ఘాట్ ఎక్కి దిగాలి. ఎడమ పక్క లోయ. మలుపు దగ్గర జగ్గు బ్రేకు తొక్కుతాడు, బానెట్ మీది గ్లాసులు ఒక్కొక్కటే ఎడమకి జారి, చప్పుడు లేకుండా లోయలోకి పోతాయి, చూస్తూండగానే బానెట్ ఖాళీ అయిపోతుంది.

"ఎడమకి లాగుతోందిరా!" అని అరుస్తాను.

"నాలుగేళ్ళ నుంచీ లాగుతాంది," అంటాడు వాడు, తాపీగా.

"మరి చెప్పి చావొచ్చు కదరా!"

"సెప్తే నువ్వేటంటావు? 'నే ముందే సెప్పలేదా' అంటావు. ఆ మాట పడలేక సెప్పలేదు."

అంటాను, నిజమే. నాలుగేళ్ళ కిందట వాడు ఏడుగురు కూర్చునే ఈ పెద్ద ఎస్‌యూవీ కొంటానంటే, టీకొట్టు దగ్గర పదిమంది ముందు, "నీకెందుకురా ఇంత బండి, పిండి బస్తాలు ఊరేగించడానికా?" అన్నాను. అందరూ నవ్వారు. వాడు నన్ను పిలవకుండా ఒక్కడే విశాఖ వెళ్ళి కొనుక్కొచ్చాడు, ఎదురుపడినా నేను ఆ బండి వంక చూడలేదు. ఒకసారి వానలో పక్కన ఆపి ఎక్కమంటే నడుస్తానన్నాను. రోషం నాకేం తక్కువ లేదు.

"బండి అడుగున ఛాసీకి అతుకుంది," అంటాడు. "దేనికో గుద్దీసి, అతికీసి నాకు అంటగట్టీసినారు. కొన్నాక తెలిసింది. మా రవణమ్మకీ సెప్పలేదు."

"నేను పక్కనుంటే కొననిచ్చేవాణ్ణి కాదురా," అంటాను, ఇన్నాళ్ళూ ఎక్కడ దాగిందో గాని ఏడుపు తన్నుకొస్తుంది. "ఆ రోజు పదిమందిలో అలా అనకుండా ఉండాల్సింది."

"అన్నావు, పడ్డాను. ఇప్పుడు దాన్ని పట్టుకుని ఏడుస్తావేటి?"

"ఆ అతుకు ఆగుతుందా? పిల్ల ఈ బండిలో తిరగొచ్చా?"

జగ్గు నా వైపు తిరిగి నవ్వుతాడు, ముందు పన్ను లేని ఆ నవ్వు. "బతికున్నోడి మాటే ఇననోడివి, సచ్చినోడి మాట నమ్మీసి పిల్లని ఎక్కించీస్తావేట్రా? కిందకి దూరి నువ్వే సూడు."

"చెల్లెమ్మ ఏమనుకుంటుందో!"

"దాని మనసులో ఏటుందో దానికి తెలుస్తాది. దాని తరపున కూడా నువ్వే అనీసుకోకు."

ఘాట్ రోడ్డు ఎప్పుడు వాకిలైపోయిందో తెలియదు. జగ్గు బండి కింద గోనెసంచి పరిచి తను ముందు దూరి, నాకు పక్కన చోటు చూపిస్తాడు, ఇద్దరం చిన్నప్పుడు మేడ మీద పడుకున్నట్టు వెల్లకిలా పడుకుంటాం, వాడి భుజం నాకు తగులుతోంది, వెచ్చగానే ఉంది. నేను టార్చి వెలిగిస్తాను. వెలుగు అతుకు మీదకి పాకుతోంది, ఇంకొక్క జానెడు వస్తే కనబడుతుంది.

"నాన్నా! మూడైంది, లే."

హైమ మంచం పక్కన ఫోన్ పట్టుకుని నిలబడి ఉంది. ఎండ గుమ్మం దాటి లోపలికి వచ్చింది. నాలుగింటికి వెళ్ళి బండి తెచ్చుకోవాలి.

"రవణమ్మత్త ఫోన్ చేసింది," అంది. "వాకిట్లో బండి కింద గోనెసంచి పరిచి ఉంచిందంట. మొన్న నేలంతా తడిగా ఉందని కాబోలు అన్నయ్య కిందకి దూరలేదు, ఇవాళ బాగా ఆరింది, హైమ తిరిగే బండి కదా, తొందరేం లేదు, పూర్తిగా చూసుకోమని చెప్పు, అంది."

మొన్న నేల తడిగా లేదు. వాన పడి వారమైంది.

నేను ముఖం కడుక్కుని వచ్చి, వేసుకుందామని తీసిపెట్టిన తెల్లచొక్కా మళ్ళీ కొక్కేనికి తగిలించాను, పెట్టె అడుగున ఉన్న డిపో ఖాకీ చొక్కా తీసి దులిపాను.

"అదెందుకు నాన్నా ఇప్పుడు?" అంది హైమ.

"మట్టి అవుతుందమ్మా," అన్నాను.