బంతిలో మూడో ఆకు

నేను ఒక హార్డ్ డిస్కును. అరచేతిలో ఇమిడే నల్లని పెట్టెను. ఎక్కడో సముద్రాల అవతల, దుమ్ము చొరబడని గదిలో, నెత్తి నుంచి కాలి దాకా తెల్ల బట్టలు తొడుక్కున్న మనుషులు నన్ను తయారుచేశారు. అంత శుభ్రంగా పుట్టినదాన్ని తీసుకొచ్చి, విజయనగరంలో పెళ్లి వీడియోలు తీసే ఒకాయన బల్ల మీద, సగం తిన్న మిరపకాయ బజ్జీ పక్కన పెట్టారు. మనుషుల లోకం ఎలా ఉంటుందో నాకు అప్పుడే అర్థమైంది.

అక్కడ నా పని పెళ్లిళ్లు మోయడం. పెళ్లివారు తమ వీడియో పట్టుకెళ్లగానే ఆయన వాళ్లను నాలోంచి చెరిపేసి కొత్త జంటకు చోటు చేసేవాడు. కలకాలం గుర్తుండాలని తీయించుకున్నదాన్ని అంత తేలిగ్గా ఎలా చెరుపుతాడని మొదట్లో బెంగపడేదాన్ని. తరవాత అలవాటైంది. కొన్నాళ్లకు ఆయన కొత్త డిస్కు కొనుక్కుని, నన్ను సాలూరులో కేబుల్ టీవీ నడిపే పైడినాయుడికి ఇచ్చేశాడు.

పైడినాయుడు మంచివాడు. ఎవరింట్లో బొమ్మ రాకపోయినా నిచ్చెన భుజాన వేసుకుని తనే వెళ్లేవాడు. సినిమా హక్కుల సంగతి మాత్రం అతని బుర్రకు ఎక్కేది కాదు. దొరికిన సినిమానల్లా తన లోకల్ ఛానల్లో వేసేవాడు, వేసినదాన్ని వేసినట్టే నాలో దాచేవాడు. బొమ్మ అడుగున ఊరి దుకాణాల ప్రకటనల పట్టీ ఎప్పుడూ పరుగెడుతూ ఉండేది. తెర మీద హీరో తల్లి ఆఖరి మాటలు చెబుతున్నా సరే, కింద ఆషాఢం తగ్గింపు ధరలు ఆగేవి కావు.

అలా ఉండగా భానుమూర్తి గారు నా బతుకులోకి వచ్చారు.

ఆయన టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి రిటైరైన మనిషి. భార్య హైమావతి గారు పోయి ఏడాది దాటింది. ఇంట్లో ఆవిడ ఫోటోలున్నాయి గానీ, అన్నీ స్టూడియోలో ఊపిరి బిగబట్టి దిగినవే. ఆవిడ కదలడం, నవ్వడం చూపించే బొమ్మ లోకం మొత్తం మీద ఒక్కచోటే ఉంది.

వాళ్ల పెళ్లైన కొత్తలో సాలూరులో ఒక సినిమా షూటింగు జరిగింది. రైసు మిల్లు ఆవరణలో పందిరి వేసి పెళ్లి భోజనాల సీను తీశారు. బంతిలో కూర్చోడానికి ఊళ్లో ఆడవాళ్లను పిలిచారు. తినొద్దు, తిన్నట్టు నటించండి చాలని డైరెక్టరు ఎంత మొత్తుకున్నా, ఆకులో వేడి పులిహోర పడ్డాక నటించడం సాలూరు వాళ్ల వల్ల కాలేదు. కెమెరా తిరిగేలోపే ఆకులు ఖాళీ. మళ్లీ వడ్డించి మళ్లీ తీయాల్సి వచ్చింది. ఆ బంతిలో మూడో ఆకు ముందు కూర్చున్నది హైమావతి గారు. ఆ వేళ డ్యూటీ ఉండి భానుమూర్తి గారు వెళ్లలేకపోయారు. సినిమా కూడా ఎంతో కాలం ఆడలేదు. హాల్లో ఒకసారి చూసిందే చూడడం.

అది నాలో ఉన్న సంగతి గుర్తొచ్చి పైడినాయుడు నన్ను తీసుకెళ్లి ఆయన చేతిలో పెట్టాడు.

"ఉంచేసుకోండి గురువుగారూ. అమ్మగారు ఇందులో ఉన్నారు."

నన్ను టీవీకి తగిలించారు. బంతి వచ్చింది. నేల మీద కూర్చున్నవాళ్లు కదా, బొమ్మలో అడుగునే ఉన్నారు. సరిగ్గా హైమావతి గారి మొహం మీదుగా 'పాత ట్రాక్టర్లు అమ్మబడును' అనే అక్షరాలు సాగిపోయాయి. పాపిట కనిపించింది, నుదుట బొట్టు కనిపించింది. ఆ కింద అంతా ట్రాక్టర్లే.

పైడినాయుడి మొహం మాడిపోయింది. భానుమూర్తి గారు మాత్రం అతని భుజం తట్టారు.

"బొట్టు కనిపించింది నాయుడూ. అదే పదివేలు."

అప్పటి నుంచి రోజూ టిఫిను అయ్యాక ఆ బొట్టు కోసం నన్ను తగిలించేవారు. ఎప్పటికైనా ఆ మొహం పూర్తిగా చూడాలన్న ఆశ ఆయన పైకి అనేవారు కాదు. పట్టీ వచ్చినప్పుడల్లా కాస్త ముందుకు వంగి, కిందకి తొంగి చూసేవారు, దాని వెనక ఏదో కనిపిస్తుందన్నట్టు. నన్ను కేబుల్ పెట్టె పక్కన మెత్తని గుడ్డ పరిచి పెట్టుకున్న మనిషికి నేను ఇవ్వగలిగింది అంతే.

ఒక ఆదివారం హైమావతి గారి చెల్లెలు ప్రమీల గారు వచ్చారు. బ్యాంకులో పనిచేసి రిటైరైన ఆవిడ. మాటకు తడుముకోరు. పైడినాయుడు కూడా అప్పుడే టీవీ వెనక తీగ సరిచేస్తూ ఉన్నాడు. ప్రమీల గారు బంతి సీను చూసి కాఫీ గ్లాసు కింద పెట్టేశారు.

"ఏమిటండీ బావగారూ ఇది? అక్క పక్కన నాలుగో ఆకు నాది! నా మోచెయ్యి తప్ప ఏమీ లేదు. అక్కచెల్లెళ్లిద్దర్నీ కట్టగట్టి ట్రాక్టరు కింద పడేశారే!"

"మోచెయ్యి బాగా నటించింది ప్రమీలా."

"వేళాకోళం చాలు. ఈ సినిమాని శుభ్రం చేసి మొన్నీమధ్యే ఒక యాప్‌లో పెట్టారు. నాకు చందా ఉంది. న్యాయంగా డౌన్‌లోడ్ చేసుకుని చూడొచ్చు."

టీవీ వెనక నుంచి పైడినాయుడి తల పైకి లేచింది.

"చూడొచ్చమ్మా, కాదన్ను. కానీ డౌన్‌లోడ్ చేసినా అది మీది అయిపోద్దేటి? ఆ యాప్ గూట్లోనే ఉంటాది. ఈ డిస్కులోకి ఎక్కించనివ్వరు. గడువు దాటితే దానంతటదే మాయమైపోద్ది. చందా ఆపితే తలుపు మూసేస్తారు. నా కాపీకి ఆ బాధ ఉందేటి? కరెంటుంటే చాలు, ఆడేస్తాది."

"ఆడుతుంది, ట్రాక్టర్లతో సహా."

"అదొక్కటే కదమ్మా లోటు!"

"ఒక్కటేనా? పాటలు కోసేశావు. తీసినవాళ్ల పేర్లు కోసేశావు. మొన్న నీ కేబుల్ తీగకి ఎవడో సూది గుచ్చి దొంగ కనెక్షను లాక్కుంటే, వీధి వీధంతా వినపడేలా తిట్టావుగా? ఆ సినిమా తీసినవాళ్లు సాలూరొచ్చి నిన్ను తిడితే ఏం చెప్తావు?"

"అది వేరమ్మా."

"ఎలా వేరు?"

పైడినాయుడు మళ్లీ టీవీ వెనక్కి వెళ్లిపోయాడు. భానుమూర్తి గారు నవ్వారు.

"ఇద్దరూ చెప్పింది నిజమే. లైబ్రరీ పుస్తకం లాంటిదన్నమాట. ఇంట్లో అట్టేపెట్టుకోవడానికి లేదు. పేజీలు మాత్రం చిరగకుండా చేతికొస్తాయి. నాయుడు ఇచ్చింది ఉండిపోతుంది, కానీ అందులో మీ అక్క మొహం లేదు. నాకు ఆ మొహం కావాలి ప్రమీలా. ఒక్కసారైనా చాలు."

ప్రమీల గారు తన సంచీలోంచి ట్యాబ్ తీసి, సిగ్నల్ బాగా అందే వసారా గోడ మీద పెట్టారు. అది నిమ్మళంగా సినిమాను దించుకుంది. పైడినాయుడు కూడా తొంగి తొంగి చూశాడు. పని పూర్తయ్యాక నెట్ అక్కర్లేకుండానే ఆడుతుందని తెలిసి, "ఇదైతే బాగానే ఉంది," అని గొణిగాడు. ట్యాబ్ కోసం బల్ల మీద నన్ను పక్కకు జరిపారు. కొంచెం చిన్నతనం అనిపించింది, దాచడమెందుకు.

సినిమా మొదలైంది. ముందుగా ఆ బొమ్మను శుభ్రం చేసినవాళ్ల పేర్లు వచ్చాయి. భానుమూర్తి గారు ఆపించి, ఒక్కొక్క పేరూ పైకి చదివారు. తరవాత పాత పేర్ల మధ్య నుంచి ఒక పలక వచ్చింది: 'కృతజ్ఞతలు: సాలూరు పురప్రజలకు.' పైడినాయుడు కోసేసిన ముక్క అది. ఊరికి చెప్పిన దండం ఇన్నాళ్లూ ఊరికి అందకుండా ఆగిపోయింది.

బంతి వచ్చింది.

హైమావతి గారి మొహం వచ్చింది. బుగ్గ నిండా పులిహోర. చెల్లెలి వైపు తిరిగి, నోరు మూసుకుని, కళ్లతో నవ్వుతోంది. ముక్కుపుడక మీద వెలుతురు పడి మెరిసింది.

"ఆగండాగండి," అన్నారు ప్రమీల గారు. "ఆ ఎడం చెయ్యి చూడండి!"

తెర మీద హైమావతి గారి ఎడం చెయ్యి ఒడిలో రుమాలు పరుస్తోంది. కుడిచెయ్యి, అందరి ఆకుల్లో లాగే తన ఆకులోనూ ఒక్కటే వడ్డించిన బూరెను తీసి, ఎవరూ చూడకుండా, ఆ రుమాల్లో పెట్టి మడిచింది.

"అమ్మ దొంగా! పక్కనే కూర్చున్నాను, నాకు తెలీదు చూశారా. ఎవరికోసమే ఇది?"

భానుమూర్తి గారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. చాలాసేపు తుడిచారు.

"మళ్లీ వెయ్యి ప్రమీలా," అన్నారంతే.

ఆ నెలాఖరు దాకానే ఆ సినిమా యాప్‌లో ఉంటుందని కింద చిన్న అక్షరాల్లో రాసి ఉంది. పైడినాయుడు ఊరుకోలేకపోయాడు.

"గురువుగారూ, ట్యాబ్ ముందర నా కెమెరా పెట్టి తీసేస్తాను. అమ్మగారు మీ దగ్గరే ఉండిపోతారు. పట్టీ వెయ్యను, ఒట్టు."

నాకు ఆశ పుట్టింది. ఆ మొహం నాలో ఉంటే ఎంత బాగుండును! భానుమూర్తి గారు కూడా వెంటనే కాదనలేదు. బంతి సీను ఇంకోసారి వేయించుకుని, అది అయ్యేదాకా చూసి, అప్పుడు చెప్పారు.

"వద్దు నాయుడూ. ఎవరో ముక్కూ మొహం తెలీనివాళ్లు కూర్చుని ఆవిడ మొహం తుడిచి నాకు చూపించారు. వాళ్ల కష్టం దొంగిలించి దాచుకోలేను. ఉన్నన్నాళ్లు చూస్తాను. మళ్లీ ఎక్కడైనా పెడితే మళ్లీ చందా కడతాను. సినిమా వాళ్లది. బంతి మనది. నువ్వు తియ్యాలంటే బంతిని తియ్యి."

మరుసటి ఆదివారం ఆయన ఇంటి హాలు నిండిపోయింది. ఆ బంతిలో కూర్చుని ఇంకా ఉన్నవాళ్లు వచ్చారు, లేనివాళ్ల కూతుళ్లూ కోడళ్లూ వచ్చారు. ట్యాబ్‌లో సీను చూశారు. అది నేనంటే నేనని పోట్లాడుకున్నారు. ఎవరు రెండుసార్లు పులిహోర తిన్నారో, డైరెక్టరు ఎవరి మీద కేకలేశాడో, ఎవరి పట్టుచీర ఎవరు అరువు తెచ్చుకున్నారో బయటపెట్టుకున్నారు. తల్లి పోయిన ఒకావిడ తెర మీద తల్లి నీళ్ల గ్లాసు ఎత్తడం చూసి, ఆ చెంప మీద వేలు పెట్టింది. బొమ్మ ఆగిపోయింది. పైడినాయుడు తెర వైపు కాక వాళ్ల వైపు కెమెరా తిప్పి, ఆ మాటలన్నీ పట్టుకున్నాడు.

ఆ సాయంత్రం అతను నాలో ఉన్న సినిమాలన్నీ తన చేత్తోనే చెరిపేశాడు. చెరిపేముందు ఒక్కసారి నిట్టూర్చాడు, అంతే. ట్రాక్టర్లూ పోయాయి, ఆషాఢం తగ్గింపూ పోయింది. ఆ ఖాళీలో ఆ ఆదివారాన్ని పెట్టాడు. నాలోంచి చెరిగిపోయినవాళ్లందరినీ చూసిన నాకు, చెరపనక్కర్లేనిది ఒకటి దక్కింది. ఇంతకన్నా ఏం కావాలి?

అందులో అన్నిటికన్నా చివర ప్రమీల గారి గొంతు వినిపిస్తుంది.

"బావగారూ, అందరూ చెప్పారు. మీరు బంతిలో లేరు కదా, మీకేం చెప్పడానికుంది?"

"లేను. డ్యూటీ దిగి ఇంటికొచ్చేసరికి మీ అక్క రుమాల్లో బూరె పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉంది. మనిషికి రెండేసి వేశారు, నాది నేను తినేశాను, ఇది మీకు అంది. నమ్మి మొత్తం తినేశాను."

ఎవరో పెద్దావిడ మెల్లగా అడిగింది.

"ఎలా ఉంది నాయనా, బూరె?"

"చల్లారిపోయింది," అన్నారు భానుమూర్తి గారు. "చాలా బాగుంది."