ఇరవై ఐదో నంబరు

రౌటరు మీద దుమ్ము తుడిచేది నేనే. హాల్లో చెప్పుల అలమర పైన, మా ఆయన ప్రింటరు పక్కన, పచ్చదీపాలు మిణుకుమిణుకుమంటూ ఉంటుందా నల్ల డబ్బా. పొడిగుడ్డతోనే తుడవాలని, తీగలు కదపకూడదని ఆయన ఆజ్ఞ. తుడవడం వరకే నా హక్కు, లోపలి సంగతులన్నీ ఆయనవి. ఇంట్లో అందరూ ఆయన్ని "మన ఇంజనీరు" అంటారు. చేసేది బీమా ఆఫీసులో ఉద్యోగమే అయినా ఏ యంత్రం మొరాయించినా ఆయన చెయ్యి పడాల్సిందే. ఆ చేతికి తెలిసిన వైద్యం ఒక్కటే. "ఏమోయ్, ఒక పిన్నీసు ఇవ్వు" అని నన్నడిగి, రౌటరు వెనకున్న చిన్న కన్నంలో గుచ్చి కాసేపు పట్టుకుంటాడు. అంతే, డబ్బా ఉన్నదంతా మర్చిపోయి, అప్పుడే కొట్లోంచి తెచ్చినట్టు లేస్తుంది. ఆ తర్వాత ఆయన కుర్చీ లాక్కుని కూర్చుని, ఎవరి సెట్టింగులు ఎలా ఉండేవో తనకు గుర్తున్నంత మేరకు మళ్ళీ పెడతాడు. పిన్నీసు మాత్రం ఎప్పుడూ తిరిగివ్వడు.

మొన్న ఆదివారం అత్తయ్య ఫోనులో వీడియో ఆగి ఆగి వస్తోందని పిన్నీసు గుచ్చాడు. సోమవారం నా క్లాసు మునిగింది.

నా పనేమిటో చెప్పాలి, ఎందుకంటే మా ఇంట్లో ఎవరూ సరిగ్గా చెప్పలేరు. "కోడలు ఊరికే ఉండలేదు లెండి, ఏదో టైపింగు చేసుకుంటూ ఉంటుంది" అంటాడు మామయ్య, వచ్చినవాళ్ళతో. వంటగది వెనక సామాన్ల గదిలో, పిండి డబ్బాలకూ ఇస్త్రీ బల్లకూ మధ్య ఉంటుంది నా బల్ల. అక్కడ కూర్చుని, ఒక లా కాలేజీలో లెక్చరరు చెబుతున్న పాఠాన్ని ఫోనులో వింటూ, మాట నోట్లోంచి ఊడిపడినంత వేగంగా టైపు చేస్తాను. ఆ అక్షరాలు క్లాసులో మొదటి వరసలో కూర్చున్న ఒకావిడ తెర మీద కనిపిస్తాయి. ఆవిడకు వినపడదు. వయసులో నాకంటే పెద్దది, పిల్లలు పెద్దవాళ్ళయ్యాక ఇప్పుడు తన చదువు తను చదువుకుంటోంది. లెక్చరరు జోకు వేస్తే జోకు కూడా కొడతాను. నవ్వేదేదో ఆవిడ అందరితోపాటే నవ్వాలి, అందరూ నవ్వాక ఎందుకో అడిగి తెలుసుకుని నవ్వకూడదు. అది నా పట్టుదల.

దీనికి రౌటరుతో పనేమిటంటే, అది ఇంట్లో ఉన్న ప్రతి యంత్రానికీ ఒక నంబరు ఇస్తుంది. ఎవరు ముందు లేస్తే వాళ్ళకు, ఏది ఖాళీగా ఉంటే అది. మిగతావాళ్ళకు ఏ నంబరైనా ఒకటే, నాకు అలా కుదరదు. నేను కొట్టిన అక్షరాలు తీసుకెళ్ళే కాలేజీ లైను మా ఇంట్లోకొచ్చి, ఇరవై ఐదో నంబరు యంత్రాన్నే వెతుక్కుంటుంది. ఆ నంబరు నా లాప్‌టాప్‌కే ఇవ్వాలి, ఇంకెవరికీ ఇవ్వకూడదు అని రౌటరులో రిజర్వు చేసి ఉంచాలి. మొదట్లో మా ఆయనే చేసిపెట్టాడు, కాదనను. కానీ పిన్నీసు గుచ్చిన ప్రతిసారీ అది తుడిచిపెట్టుకుపోతుంది. ఆదివారం తన ప్రింటరుకు గుర్తుగా రిజర్వు చేశాడు. మామయ్య గేటు కెమెరాకు చేశాడు. ఎప్పుడో సెలవులకు వచ్చే మా ఆడపడుచు టాబ్లెట్టుకు కూడా, "పాపం వచ్చినప్పుడు ఇబ్బంది పడుతుంది" అని చేశాడు. కాలేజీ లైనుకు దారి కూడా ఇరవై ఐదుకే పెట్టాడు. ఆ నంబరు నాకు రిజర్వు చెయ్యడం ఒక్కటే వదిలేశాడు.

"మర్చిపోయాను. నువ్వు గుర్తు చెయ్యాలి కదా!" అన్నాడు, అడిగితే. ఆ తర్వాత, "సాయంత్రం చూస్తాలే."

సోమవారం క్లాసంతా ఆవిడ తెర తెల్లగా ఉండిపోయింది. నేనిక్కడ చెమటలు కక్కుతూ కొడుతూనే ఉన్నాను, ఒక్క అక్షరమూ అక్కడికి చేరలేదు. క్లాసయ్యాక ఆవిడే మెసేజి పెట్టింది: "పర్లేదండీ, పక్కమ్మాయి రాసుకున్నది చూసుకుంటాను." తిట్టినా అంత బాధపడేదాన్ని కాదు. ఆ "పర్లేదు" నాకు బాగా తెలిసిన మాట. కూర నాకు మిగలకపోతే నేననేది, నేను మాట్లాడుతుండగానే టీవీ సౌండు పెంచితే అనేది. అంతగా అరిగిన మాటను ఆవిడ చేత నేను అనిపించాను. కాసేపటికి నన్ను ఈ పనికి పెట్టుకున్న కాలేజీ మేడం ఫోను చేసింది. "రేపు పరీక్షల ముందు ఆఖరి క్లాసు. రేపూ ఇలాగే అయితే ఇంకొకరిని పెట్టుకుంటాం. ఏమీ అనుకోకండి."

ఇవాళ పొద్దున ఆయన బూట్లు వేసుకుంటుంటే మళ్ళీ చెప్పాను. రాత్రి ఎందుకు చూడలేదంటే తలనొప్పట. "ఒక్కరోజుకు కొంపేం మునిగిపోదులే, సాయంత్రం చూస్తా" అంటూ వెళ్ళిపోయాడు. క్లాసు పొద్దున.

కూర పొయ్యి మీద ఉండగానే చేతులు తుడుచుకుని లాప్‌టాప్ ముందు కూర్చున్నాను. రౌటరు లోపలికి వెళ్ళే పాస్‌వర్డు నాకు తెలుసు. ఆయన ఊళ్ళో లేనప్పుడు గేటు కెమెరా ఆగితే, నాకు ఫోనులో చెప్పి బాగు చేయించాడు. "నేను చెప్పినట్టు నొక్కు చాలు, అర్థం చేసుకోనక్కర్లేదు" అన్నాడు. నొక్కాను, అర్థమూ చేసుకున్నాను. పాస్‌వర్డు ఆయన మొదటి బండి నంబరు.

లాప్‌టాప్‌కు పుట్టుకతో ఉండే గుర్తింపు సంఖ్య కొట్టి, ఇరవై ఐదు అని వేసి, సేవ్ నొక్కాను. ఒప్పుకోలేదు. ఆ నంబరు ఇప్పటికే వేరేవాళ్ళ దగ్గర ఉందట. ఎవరి దగ్గరా అని చూస్తే, హాల్లో టీవీ దగ్గర. పొద్దున్నే అందరికంటే ముందు లేచేది నేను, నా తర్వాత టీవీ. కానీ వంట, టిఫిన్లు, గిన్నెలు అయ్యాక గానీ నేను లాప్‌టాప్ తెరవను కదా. కాలేజీ లైను నిన్న వచ్చి మామయ్య వార్తల తలుపు కొట్టి పోయిందన్నమాట.

హాల్లోకి వెళ్ళి, "మామయ్యా, టీవీ కాసేపు ఆపుతున్నాను" అన్నాను.

"ముఖ్యమైన వార్త వస్తోందమ్మా."

"నాకు క్లాసుంది మామయ్యా" అని ప్లగ్గు పీకేశాను. మామయ్య నల్లటి తెర వైపు రిమోటు నొక్కుతూనే ఉన్నాడు.

ఈసారి రౌటరు ఒప్పుకుంది. అయినా లాప్‌టాప్‌కు ఇరవై ఐదు రాలేదు. ఇంకేదో నంబరు వచ్చింది. తీగ పీకి పెట్టాను, అదే. "నీకెందుకొచ్చిన గొడవ, తెలిసినవాళ్ళు చూస్తారుగా" అని లోపల ఎవరో అన్నారు. ఎవరో ఏమిటి, అచ్చం మా ఆయన గొంతు. నోరు మూసుకోమని దానికి చెప్పి, మొదటినుంచి చూసుకుంటూ వచ్చాను. నేను పనిచేసేది తీగతో. లాప్‌టాప్‌కు వైఫైకి ఒక గుర్తింపు సంఖ్య, తీగకు ఇంకొకటి. నేను కొట్టింది వైఫైది. రౌటరు తప్పేం లేదు, ఎవరో తెలియని మనిషికి నా నంబరు ఎలా ఇస్తుంది?

వంటగదిలోంచి అత్తయ్య, "కూర అడుగంటుతోందే, కాస్త చూడవే!"

"మీరే పొయ్యి ఆపేయండి అత్తయ్యా, నాకు వీలుకాదు."

పొయ్యి ఆపిన చప్పుడైంది. ఇన్నేళ్ళలో ఆ చప్పుడు నేను చెయ్యకుండా వినడం అదే మొదలేమో. తీగ సంఖ్య కొట్టాను, సేవ్ చేశాను, తీగ తీసి పెట్టాను. ఇరవై ఐదు. ఆ అంకె చూసి నిజంగా ఏడుపొచ్చింది, కానీ అప్పటికే లెక్చరరు గొంతు సవరించుకుంటున్నాడు.

క్లాసు చివర ఆవిడ దగ్గర్నుంచి మెసేజి వచ్చింది. "జోకు బాగుంది. ఇవాళ అందరికంటే ముందు నేనే నవ్వాను."

ఆ మాట చదివాక ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. లేచి హాల్లోకి వెళ్ళాను. బయటినుంచి వచ్చే అసలు తీగ ముందు నా గదిలోంచే పోతుంది. అది నా దగ్గరే ఆపేసి, రౌటరు తెచ్చి నా బల్ల మీద పెట్టుకున్నాను. పాస్‌వర్డు మార్చాను. అలమర పైన పడివున్న నా పిన్నీసులన్నీ ఏరుకుని కుట్టుపెట్టెలో వేసుకున్నాను. ప్రింటరు తీగ ఒకటి అలమర మీంచి కిందికి వేలాడుతూ కనిపించింది. దాని సంగతి తర్వాత చూడొచ్చనుకున్నాను.

సాయంత్రం ఆయన వస్తూనే ఏవో ఆఫీసు కాగితాలు ప్రింటు తియ్యాలన్నాడు. కాసేపు హాల్లో టకటకలు, విసుగులు. తర్వాత, "ఏమోయ్, ఒక పిన్నీసు ఇవ్వు! అరె, రౌటరేదీ?"

"నా బల్ల మీదుంది. ఇకనుంచి అక్కడే ఉంటుంది" అన్నాను.

గుమ్మంలోకి వచ్చి నిలబడ్డాడు. బల్ల వంక, డబ్బా వంక, నా వంక చూశాడు. "మరి నా ప్రింటరు? దానికి కనెక్షన్ ఇవ్వాలని తోచలేదా నీకు?"

"మర్చిపోయానండీ" అన్నాను. "మీరు గుర్తు చెయ్యాలి కదా!"