శాలువా కప్పుకున్న బ్యాడ్జీ

నేను ఒక ఇత్తడి బ్యాడ్జీని. వేలెడంత పొడవు, వెనకాల ఒక పిన్ను, అంతే నా సంసారం. విజయనగరం బజారులో రబ్బరు స్టాంపులు చేసే ముసలాయన, ముక్కు చివరికి జారుతున్న కళ్ళజోడు ఎగదోసుకుంటూ నన్ను చెక్కాడు. 'హెడ్ నర్సు' అని పెద్దగా చెక్కేసరికి చోటు కాస్తా అయిపోయింది. మిగిలిన అంచులో 'గొర్లె పైడితల్లి' అని చీమల బారులా ఇరికించాడు. జనం చదివేది పై వరసే కదా అనుకున్నాడు కాబోలు. అదే నిజమైంది. పదకొండేళ్ళలో నన్ను చూసినవాళ్ళెవరూ కింది వరసదాకా రాలేదు.

పైడితల్లి మంచి నర్సు. ఆమె సూది వేస్తే నొప్పి తెలియదని చుట్టుపక్కల ఊళ్ళవాళ్ళు చెప్పుకునేవారు. చిక్కల్లా ఏమిటంటే, ఇంటికొచ్చినా ఆమె హెడ్ నర్సే. సైకిలు షాపు నుంచి భర్త తవిటయ్య భోజనానికి ఆలస్యంగా వస్తే సంజాయిషీ అడిగేది. చుట్టాల పెళ్ళికి వెళ్ళినా పట్టుచీర మీద నేనుండాల్సిందే. నాకేం, గర్వంగానే ఉండేది.

రిటైరైన మర్నాడు పొద్దున్నే తల దువ్వుకుని, నన్ను పెట్టుకుని, గుమ్మందాకా వచ్చి ఆగిపోయింది. ఎటు వెళ్ళాలో తెలియలేదు. కొన్నాళ్ళు కూరగాయల బజారుకే నన్ను తీసుకెళ్ళింది. ఒకరోజు ఉండబట్టలేక ఆసుపత్రికి వెళ్ళి, కొత్త హెడ్ నర్సుకు దుప్పట్ల మార్పిడి గురించి రెండు మాటలు చెప్పబోయింది. ఆ అమ్మాయి మర్యాదగా కుర్చీ వేసి టీ తెప్పించింది. అక్కడ టీ తెప్పించేది చూడవచ్చిన వాళ్ళకే. పైడితల్లి ఆ టీ తాగలేక తాగింది.

ఇంటికొచ్చి, "ఏటండీ, నానిప్పుడెవర్ని?" అని అడిగింది.

పంక్చర్లు తప్ప వేదాంతం తెలియని తవిటయ్య కంగారుపడి, "నా పెళ్ళానివి" అన్నాడు.

"నానడిగింది ఉద్యోగం పేరు కాదు!" అని కసిరింది.

ఆ వీధి చివర కమ్యూనిటీ హాల్లో సాయంత్రాలు ఆడవాళ్ళు కోలాటం నేర్చుకునేవారు. నేర్పే నీలవేణికి ముప్పై ఏళ్ళుంటాయి, పగలు జాకెట్లు కుట్టుకుంటుంది. తవిటయ్య పోరు పెట్టి పెళ్ళాన్ని అక్కడికి పంపాడు. పైడితల్లి వెళ్ళింది ఆడటానికి కాదు, వరసలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడటానికి. నీలవేణి ఆమె చేతుల్లో రెండు కోలలు పెట్టి, "ఎనక వరసలో నిలబడు పిన్నీ" అంది.

వెనక వరస! నేను బిగుసుకుపోయాను.

ఎడమకు తిరగమంటే పైడితల్లి కుడికి తిరిగింది. జంటగా ఆడుతున్న సరోజిని కోల ఠంగుమని నా నెత్తిన పడింది. సొట్టపోయాను.

"అది తీసీ పిన్నీ, ఎవులికైనా గుచ్చుకుంటాది" అంది నీలవేణి.

ఆమె నన్ను తీసి కిటికీలో పెట్టింది. మళ్ళీ తప్పు తిరిగింది. పదకొండేళ్ళు అందరి తప్పులూ దిద్దిన మనిషి, తన తప్పుకు తానే పొట్ట పట్టుకుని నవ్వింది. నిజం చెబుతున్నాను, ఇన్నేళ్ళూ ఆమె గుండె మీదే ఉన్నాను, ఆ నవ్వు అంతకుముందు ఒక్కసారీ వినలేదు.

ఆరు నెలలకు అమ్మవారి జాతర వచ్చింది. వాళ్ళ మొదటి ఆట ఆరోజే. రిటైరైన వాళ్ళకు ఆసుపత్రిలో సన్మానమూ ఆ సాయంత్రమే పెట్టారు. రాలేనని ముందే కబురు చేసినా ఫార్మసిస్టు చిన్నంనాయుడు కారేసుకుని వచ్చేశాడు. పైడితల్లి కమ్యూనిటీ హాల్లో పసుపు చీర కట్టుకుని కాళ్ళకు గజ్జెలు బిగించుకుంటోంది.

"రండి సిస్టర్, పెద్ద డాక్టరుగారు శాలువా పట్టుకుని కూకున్నారు."

ఆమె చేతులు గజ్జెల మీదే ఆగాయి. ఆ శాలువా మీద ఎన్నేళ్ళ ఆశో నాకు తెలుసు. కోలాటానికి వచ్చినప్పుడల్లా నన్ను పెట్టే కిటికీలోంచి తీసుకుని, బొటనవేలితో నా ముఖం ఒక్కసారి తుడిచింది.

"నాయుడూ, మీరు పిలిచింది హెడ్ నర్సుని. ఇదిగో, తీసుకెళ్ళు. నాను ఆడకపోతే సరోజినికి జంట ఉండదు."

చిన్నంనాయుడు నన్ను మాత్రలా అరచేతిలో పట్టుకుని తెల్లమొహం వేశాడు.

పెద్ద డాక్టరు సరసుడు. కథంతా విని పడీ పడీ నవ్వి, నన్ను ఇనప కుర్చీలో కూర్చోబెట్టి శాలువా కప్పాడు. చప్పట్లు కొట్టారు. ఉపన్యాసాలు చదివారు. ఇప్పుడు ఆ ఆసుపత్రిలోనే ఒక అద్దాల బీరువాలో ఉంటున్నాను, సుఖంగానే ఉంది. కానీ నేను తలచుకునేది ఆ సన్మానాన్ని కాదు.

ఉపన్యాసం మధ్యలో రోడ్డు మీద డప్పులు మోగాయి. జాతర ఊరేగింపు. జనమంతా కిటికీల దగ్గరికి పరిగెత్తారు, మైకు వదిలేసి డాక్టరు కూడా. "ఆ మూడో ఆవిడ మన పైడితల్లి గారే!" అని ఎవరో కేక పెట్టారు. హాల్లో కుర్చీ మీద నేనొక్కదాన్నే మిగిలాను. డప్పు దగ్గరైనకొద్దీ కుర్చీ అదిరింది. శాలువా జారి కిందపడింది. చెప్పొద్దూ, చూసేవాళ్ళెవరూ లేరు కదా అని, నేనూ నాలుగడుగులు వేశాను.