మమత సీడీలో చివరి ఫైలు

నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని నంద్యాలలో మా కాలేజీ అటెండరు దగ్గర్నుంచి ప్రిన్సిపాల్ దాకా అందరికీ తెలుసు. నేను పుట్టిన డోన్‌లో ఇంకా బాగా తెలుసు. అరుణకుమారి మేడం అంటే పిల్లలు వరండాలో దారి మార్చుకుంటారు. అది గౌరవమేనని చాలా ఏళ్లు అనుకున్నాను.

2008లో మా కంప్యూటర్ డిజైన్ డిప్లొమా పిల్లలకు కొత్త పద్ధతి పెట్టింది నేనే. అంతకుముందు ఇంటర్న్‌షిప్ అయ్యాక రికార్డు బుక్కు రాసేవాళ్లు. ఒకడు రాస్తే నలభై మంది చూసి రాసేవాళ్లు, అక్షరదోషాలతో సహా. అందుకని రికార్డు తీసేసి ఎలక్ట్రానిక్ పోర్ట్‌ఫోలియో అన్నాను. నలభై ఐదు రోజులు ఎక్కడ పనిచేశారు, ఏం చేశారు, ఏం నేర్చుకున్నారు, అన్నీ ఫొటోలతో పేజీలుగా చేసి సీడీలో పెట్టి ఇవ్వాలి.

సీడీలు వచ్చాయి. ఫ్లెక్సీ షాపులో పనిచేసిన సుందరరాజు ప్రతి పేజీలోనూ తన ఫొటోనే పెట్టాడు. మెషిన్ పక్కన సుందరరాజు, ఓనరు పక్కన సుందరరాజు, ఫ్యాను కింద సుందరరాజు. నేర్చుకున్నది మాత్రం రెండు లైన్లు. నవ్వుకుని పాస్ చేశాను.

తర్వాత మమత సీడీ పెట్టాను. వెలుగోడు అమ్మాయి, నోట్లోంచి మాట ఊడిపడదు. ఆళ్లగడ్డలో శంకరయ్య అనే శిల్పి దగ్గర పనిచేసింది. విగ్రహాల బొమ్మలు కంప్యూటర్‌లో అసలు కొలతకు గీయడం, వాటిని రాతి మీదికి ఎక్కించడం, చెక్కిన రాతికి నునుపు పట్టడం ఆమె పని. ఫొటోలు చూస్తే కళ్లు తిప్పుకోలేం. మొద్దు రాయిలోంచి నరసింహస్వామి ఒక్కో పేజీకి ఒక్కో అడుగు బయటికి వస్తున్నాడు. కానీ ఎక్కడా మమత లేదు. ఇలా గీస్తారు, ఇలా చెక్కుతారు అని రాసిందే తప్ప తాను ఏం చేసిందో ఒక్క ముక్క లేదు. షాపు వాళ్ల ఫొటోలు అడిగి తెచ్చుకుని నా మొహాన కొట్టిందనుకున్నాను. చిర్రెత్తుకొచ్చింది. ఇంకా ఒక ఫైలు మిగిలే ఉంది, తెరవలేదు. సున్నా వేసి మార్కుల లిస్టు ఆఫీసుకు పంపేశాను.

శనివారం మమత వచ్చి నా టేబుల్ ముందు నిలబడింది. డోన్‌లో టైల్స్ ఫ్యాక్టరీ వాళ్లు డ్రాయింగు పనికి తీసుకున్నారట. పదిహేనో తేదీలోపు సర్టిఫికెట్ చూపించకపోతే ఆ ఉద్యోగం ఇంకొకరికి ఇచ్చేస్తారట. అప్పటికి ఐదు రోజులే ఉన్నాయి.

"ఇందులో నువ్వు చేసింది యాదే?" అన్నాను.

"అన్నిట్లో ఉండాది మేడం. నాదొక్కటే అని చెప్పేకి రాదు. ఆడ ఎవరూ పేరు ఏసుకోరు."

"ఈడ ఏసుకోవాల. ఊరికే ఫొటోలు తెచ్చి చూపిస్తే మార్కులేస్తారా?"

ఆ పిల్ల కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తల వంచుకుని వెళ్లిపోయింది. వాదించి ఉంటే బాగుండేది. వాదించకపోయేసరికి నాకే మనసు పీకింది. నా మాటే నిజమని తేల్చుకుందామని మర్నాడు పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సెక్కాను.

శంకరయ్యకు అరవై ఏళ్లుంటాయి. కనుబొమల దాకా రాతిపొడి. కాలేజీ నుంచి వచ్చానంటే స్టూలు తుడిచి వేసి, టీ తెప్పించాడు. ఇందులో మమత చేసింది ఏదో చూపించమన్నాను.

"ఎట్ల చూపించేదమ్మా?" అన్నాడాయన. "గీత ఒకరు గీస్తారు, మొద్దు ఒకరు కొడతారు, ముఖం నేను చూసుకుంటా, నునుపు ఇంకొకరు పడతారు. గుళ్లోకి పొయ్యే దేవుని మీద మా పేర్లు యాడ రాసుకునేది? నేను చేసినానని చెప్పుకునే అలవాటు ఈడ లేదు. తప్పు జేస్తే మాత్రం చెప్పాల."

"ఎవరికి?"

"అందరికీ. ఎవరు జేసినారో వాళ్లే, ఆ పొద్దు ఇంటికి పొయ్యేలోగా నిలబడి చెప్పాల. దాచిపెడితే రేపు ఇంకొకడు ఆ బీట మీదనే ఉలి పెడతాడు, రాయి పగుల్తాది. పని అందరిదీ గానీ, తప్పు ఒకరిదే గదా. మీ పాప అన్నీ ఆ సీడీలో రాసినానన్నది. నువ్వు సూడలేదా?"

టీ గ్లాసు కింద పెట్టేశాను. చూశానని అబద్ధం చెప్పలేక, చూడలేదని చెప్పలేక, తల అటూ ఇటూ కాకుండా ఊపి బస్టాండుకు వచ్చేశాను.

సోమవారం కాలేజీ తలుపులు తీసేసరికే వెళ్లి ఆ ఫైలు తెరిచాను. పైన 'తప్పులు' అని ఉంది. మొత్తం పదకొండు. ప్రతిదానికీ తేదీ, తప్పు జరిగిన చోట వేలు పెట్టి నిలబడ్డ మమత ఫొటో.

"ఆరో రోజు. బొమ్మ ప్రింటు తీసేటప్పుడు కాగితానికి సరిపెట్టే బటన్ నొక్కాను. బొమ్మ చిన్నదైంది. అది తెలియక అదే కొలత రాతి మీద గీశాను. ముగ్గురి రెండు రోజుల పని పోయింది. తప్పు నాది, మమత. ఇప్పుడు ప్రింటు తీశాక స్కేలు పెట్టి కొలవకుండా ఎవరికీ ఇవ్వను."

"ఇరవై మూడో రోజు. నునుపు పడుతూ అమ్మవారి చెవి అంచు అరగదీశాను. లోపం ఉన్న విగ్రహం గుడికి పంపరు. నెల పని పోయింది. తప్పు నాది, మమత. చేత్తో తడిమి చూస్తే కంటికి కనపడనిది తెలుస్తుందని నేర్చుకున్నాను."

పదకొండూ చదివాను. పద్నాలుగేళ్లుగా పాఠాలు చెబుతున్నాను, నేర్చుకోవడం అంటే ఏమిటో ఇంత విడమరిచి రాసిన పిల్లను చూడలేదు. అలాంటి పిల్లకు సున్నా వేసినందుకు సిగ్గుతో చచ్చిపోయాను.

ప్రిన్సిపాల్ పార్థసారథి గారు మంచివారు. విషయం విని, "దానికేముంది అరుణా, కంప్యూటర్‌లో మార్కులు తారుమారైనాయని రాసిస్తే సరిపోతుంది. సాయంత్రానికి సర్టిఫికెట్ తయారవుతుంది. మీకూ మాట రాదు," అన్నారు.

ఆ మాట నాకెంత ఇష్టమనిపించిందో చెప్పలేను. పెన్ను కూడా తీశాను. కంప్యూటర్ ఏమీ తిరిగి అనదు కదా. కానీ ఆ మాట రాయలేదు. చివరి ఫైలు చూడకుండానే సున్నా వేశాననే రాసి, సంతకం పెట్టి ఇచ్చాను. సర్టిఫికెట్ పద్నాలుగుకల్లా వస్తుందన్నారు.

మధ్యాహ్నం ల్యాబులో నలభై మంది ముందు నిలబడ్డాను. "మమత పోర్ట్‌ఫోలియో మొత్తం చూడకుండానే ఫెయిల్ చేశాను. దొంగ ఫొటోలనుకున్నాను. తప్పు నాది," అన్నాను. రెండే నిమిషాలు. వెనక బెంచీలో ఎవడో కిసుక్కుమన్నాడు. నేను తలెత్తి చూడలేకపోయాను. బల్ల పట్టుకుని నిలబడ్డాను కాబట్టి మోకాళ్లు వణకడం ఎవరికీ కనపడలేదనుకున్నాను.

మమత లేచి వచ్చి నా వెనక కుర్చీ జరిపింది.

"కూర్చోండి మేడం," అంది మెల్లగా. "మొదటిసారి చెప్పేటప్పుడు నాకూ ఇట్లే అయింది."