రెండు కోళ్ళు

పదకొండో పన్నెండో, కుట్ల లెక్క మళ్ళీ తప్పింది, ఒక్క కుట్టు తక్కువైనా లేసు పువ్వు ముడుచుకుపోతుంది, విప్పి మళ్ళీ అల్లాలి, ఈ కాలేజీ అమ్మాయి మీనాకుమారి వచ్చి అరుగు మీద కూర్చున్న దగ్గర్నుంచీ లోవలక్ష్మి ఇదే పువ్వు మూడుసార్లు విప్పింది, ఒళ్ళో చంటిదాని నుదురు కాలుతోందా, లేదు, చల్లగానే ఉంది, పొద్దున వీరవేణితో మాత్రం పాపకి జ్వరం, ఈ వారం లేసు నువ్వు పట్టుకెళ్ళమ్మా అంది, అలాగే అక్కా అని మూట చంకన పెట్టుకుని వెళ్ళింది కొత్త తోడికోడలు, పెళ్ళై నెల కాలేదు, ఈపాటికి లేసు ఏజెంటు గారి కొట్టుగదికి దగ్గరపడి ఉంటుంది, గడిచిన ఏడాదిలో మీ ఇంట్లో ఏదైనా నేరం జరిగిందాండీ, స్టేషన్లో చెప్పనివైనా పరవాలేదు, అవి లెక్కకట్టడానికే నరసాపురం నుంచి వచ్చాం, అంటోంది ఆ అమ్మాయి, ఎందుకు జరగలేదమ్మా, రాస్కో, కార్తీకంలో రెండు కోళ్ళు ఎత్తుకుపోయాడు దొంగసచ్చినోడు, ఒకటి గుడ్లు పెట్టేది కూడాను, అని అత్తగారు సంపూర్ణమ్మ చేతులు తిప్పుతోంది, వీధంతా వినేలా తిట్టాను కదే లోవా, అవునండి, తిట్టిందండి, కాగితం మీద టిక్కు పడింది, కోళ్ళకి చోటుంది ఆ కాగితంలో.

కొట్టుగది గొళ్ళెం చప్పుడుకి చోటెక్కడుందో, ఏజెంటు గోపాలకృష్ణమూర్తి నలిగిన లేసు దులిపి మడతపెట్టి, నీ పని బాగుంటుంది, వచ్చే వారం కూడా నువ్వే రా అనేవాడు, కాలవలో మొహం కడుక్కుని ఇంటికొస్తే మిట్టమధ్యాహ్నం అత్తగారు మొహంలోకి చూడకుండా, వేణ్ణీళ్ళు కాగున్నాయి, పోసుకో అనేది, తను కాపరానికొచ్చిన వారానికే అత్తగారు మోకాళ్ళ నొప్పులని లేసు మోయడం మానేసింది, ఆ నెల్లోనే అన్నవరం కొండ మెట్లన్నీ ఎక్కింది.

ఇంకేమైనా ఉన్నాయాండీ, ముఖ్యంగా ఆడవాళ్ళకి, పేర్లు రాయం, లోవలక్ష్మి నోరు తెరిచింది, నాలిక మీద వీరవేణి పేరు, లేచి పరిగెడితే ఇంకా అందుతుందేమో, దాన్నేం అడుగుతావమ్మా, ఏడో తరగతితో బడి మానేసిన మొద్దు, అని అత్తగారు నవ్వింది, ఏమీ లేదండి, అని తన గొంతే అంది, ఆ అమ్మాయి సున్నా చుట్టి, మీ వీధి వాళ్ళు అదృష్టవంతులండీ, అందరివీ కోళ్ళే, అని చెప్పులేసుకుంది.

పెరట్లో పొగేంటే, అంది అత్తగారు, నీళ్ళు పెట్టానత్తా, పాపకి, అంది లోవలక్ష్మి, అత్తగారు పాప నుదురు తాకి చూసింది, కోడలి మొహంలోకి మాత్రం చూడలేదు, పెరట్లోకెళ్ళి పొయ్యిలోకి ఇంకో పుల్ల ఎగదోసింది, పొయ్యి మీదున్నది పాప గిన్నె కాదు, పెద్ద కాగు, వీరవేణి గుమ్మం దాటగానే లోవలక్ష్మే నింపి పెట్టింది, ఇన్నాళ్ళూ తను తిరిగొచ్చేసరికి నీళ్ళెలా కాగి ఉండేవో ఇప్పుడు తెలిసింది, తను బయల్దేరగానే అత్తగారు పెట్టేది.