తప్పు శ్రుతి

వాన పడ్డ మర్నాడు కళ్లజోళ్ల దుకాణంలో సందడి ఎక్కువ. కొందరు విరిగిన కళ్లజోళ్లు తెస్తారు, కొందరు పాట వదులైన రికార్డు తెస్తారు. తేమకి తలుపులు బిగుసుకున్నట్టే, ఆ రికార్డులోని గిటారు తీగలు సడలిపోతాయి. దుకాణం నడిపే గిటారమ్మ రికార్డు తిరుగుతుండగా పక్కన తన పాత గిటారు బిరడాలు తిప్పేది. ఇక్కడి తీగ బిగిస్తే అక్కడి తీగా బిగిసేది. కళ్లజోడు మర బిగించడానికి ఎంతసేపో, దానికీ అంతే.

ఆ పాట ఆమె బ్యాండుదే. నలభై ఏళ్ల కిందట ముగ్గురు కలిశారు. ఈమె గిటారు, పిట్ట అని పిలిచే స్నేహితురాలు గొంతు, ఒక వడ్రంగి డ్రమ్ములు. ఒకే పాట, మూడు వందల రికార్డులు, ఎనిమిది నెలల ఆయుష్షు. పాడిన రోజు టేపు యంత్రం వేగం తేడా చేసి, శ్రుతి రెండు స్వరాల మధ్య ఇరుక్కుంది.

"మళ్లీ పాడదాం," అంది పిట్ట.

"ఇదే బాగుంది," అంది ఈమె.

మాటకి మాట పెరిగింది. పిట్ట వెళ్లిపోయింది.

ఏ పరికరానికీ అందని ఆ శ్రుతి గిటారమ్మ చెవిలోనే ఉండేది. మొదట తాళంచెవులు ఎక్కడ పెట్టిందో మరిచింది, తర్వాత పక్కింటావిడ పేరు. ఈ వానాకాలం శ్రుతి కూడా జారిపోయింది. బల్ల మీద పద్దెనిమిది రికార్డులు పేరుకున్నాయి.

"అత్తా, పాటలు ఇక బాగుచెయ్యబోమని బోర్డు పెట్టేస్తాను," అంది తోడుగా ఉండే మేనకోడలు.

"పెట్టు. పెట్టాక ఆ గిటారు కూడా ఎవరికైనా ఇచ్చెయ్. నాకెందుకు?"

మేనకోడలు అట్టముక్క మీద సగం రాసి ఆగిపోయింది.

అప్పుడే గుమ్మంలో గొడుగు దులుపుకుంటూ నెరిసిన జుట్టుతో ఒకావిడ నిలబడింది. చంకలో రికార్డు.

"ఏమే, నా పాట నీరుగారిపోయింది. బిగిస్తావా, నలభై ఏళ్ల కోపం ఇంకా ఉందా?"

ముఖం పోల్చుకోవడానికి గిటారమ్మకి కాస్త సమయం పట్టింది. గొంతుని మాత్రం వెంటనే పోల్చుకుంది.

"పిట్టా... నాకు శ్రుతి గుర్తులేదే." ఆ మాట పైకి అనడం అదే మొదటిసారి.

పిట్ట కుర్చీ లాక్కుని కూర్చుంది. "అదృష్టవంతురాలివి! నాకు వదిలిందెక్కడ? ఎంతమంది దగ్గర నేర్చుకున్నా నా గొంతులో ఆ తప్పు శ్రుతే. జోల పాడితే మనవరాలు నిద్రపోయేది పోయి లేచి కూర్చుంటోంది."

రికార్డు తిరిగింది. చనిపోయి ఆరేళ్లయిన వడ్రంగి లోపలినుంచి, "ఒకటి, రెండు, మూడు," అన్నాడు. పిట్ట కళ్లు మూసుకుని సన్నగా కూనిరాగం తీసింది. గిటారమ్మ వేళ్లు బిరడాని కొంచెం తిప్పాయి, ఇంకొంచెం. రికార్డులో తీగ ఒళ్లు విరుచుకుని లేచి, ఆ గొంతు పక్కన వచ్చి కూర్చుంది.

పాట అయిపోయాక పిట్ట బల్ల మీది రికార్డుల వైపు చూసింది.

"ఇంకా ఎన్నున్నాయి?"

"పద్దెనిమిది."

"రోజుకొకటి చాలు. తొందరేముంది?"

మేనకోడలు అట్టముక్కని మడిచి, ఎప్పటినుంచో ఊగుతున్న బల్లకాలు కింద పెట్టింది.

"రేపటికి మళ్లీ మరిచిపోతానేమోనే," అంది గిటారమ్మ.

"మరిచిపో," అంది పిట్ట చెప్పులు విడిచి గోడవారకి నెడుతూ. "నేను రేపు కూడా తప్పుగానే పాడతాగా."